ఫొటోలో ఒడ్డు పక్షుల గుర్తింపు

నీటి అంచున, బురదలో, మోకాలి లోతు మడుగులో నడుస్తూ మేత ఏరుకునే పక్షుల్లో చాలావాటికి అచ్చం వాటిలాగే ఉండే మరో జాతి ఉంటుంది. పిట్ట ఎదురుగా ఉంటే నడక చూసి, కూత విని, ఎగిరే తీరు గమనించి వాటిని వేరుచేయవచ్చు. ఫొటోలో ఆ మూడూ ఉండవు. రెప్పపాటులో బిగుసుకుపోయిన ఒక భంగిమ, అప్పటి వెలుతురు, ఆ కోణం మాత్రమే మిగులుతాయి. అంతమాత్రం ఆధారంతో జాతిని ఎలా రాబట్టవచ్చో, ఎక్కడ రాబట్టలేమో ఈ వ్యాసం చెబుతుంది. ఉదాహరణలు ఎక్కువగా పులికాట్, కొల్లేరు, కోరింగ తీరాల్లోనూ తెలుగు పల్లెల చెరువుల్లోనూ కనిపించే పక్షులవి.

ఒడ్డు పక్షులంటే ఒకే కుటుంబం కాదు. కొంగలు, కంకణాలు, తెడ్డుమూతి కొంగలు ఒక వైపు. తీతువులు, ఉల్లంకులు, ప్లోవర్లు, గాడ్విట్లు ఇంకో వైపు. ఈ రెండో కూటమిని బ్రిటన్‌లో వేడర్లంటారు, అమెరికాలో షోర్‌బర్డ్‌లంటారు. అమెరికాలో వేడింగ్ బర్డ్‌లంటే కొంగల కూటమి. మన దేశపు పుస్తకాలు బ్రిటన్ అలవాటు ప్రకారం రాసినవి కాబట్టి, రెండు దేశాల పుస్తకాలూ ముందేసుకున్న కొత్తవాళ్లు తికమకపడుతుంటారు. తెలుగులో చిక్కు మరో రకం. పల్లెల్లో బురదలో ముక్కు గుచ్చే చిన్న పిట్ట ఏదైనా ఉల్లంకే. ఉచ్చు పన్ని పట్టేవాడికి అంతకు మించిన పేరుతో పని లేదు. డజన్లకొద్దీ జాతులను విడదీయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ఒక్క మాట చాలదు. అందుకే ఇక్కడ తెలుగు పేరు స్థిరపడిన చోట దాన్ని, లేని చోట పక్షులను చూసేవాళ్లు నిత్యం వాడే ఇంగ్లీషు పేరునే వాడాను.

ఫొటో దాచేవి

మొదటి మోసం సైజుది. టెలిఫొటో లెన్సులో ముందు వెనుకల దూరం చదునైపోతుంది. నాలుగు గజాల వెనకున్న పిట్ట కూడా ముందున్న పిట్టంత కనబడుతుంది. వెనకున్నది చిన్నగా కనిపించాలన్న అలవాటుతో చూసే మన కన్ను, అది చిన్నగా లేదు కాబట్టి నిజానికి పెద్ద పిట్టే అయి ఉంటుందని లెక్కగడుతుంది. ఒకే జాతి గుంపులో ఓ పిట్టను చూపించి ఇది వేరే రకమని గట్టిగా వాదించడానికి చాలాసార్లు ఇదే కారణం. రెండు పిట్టలూ కెమెరాకు సమాన దూరంలో, దాదాపు భుజం భుజం కలిపి నిలబడితే తప్ప ఫొటోలోని సైజును సాక్ష్యంగా తీసుకోకూడదు.

రెండో మోసం రంగుది. తెల్లకొంగను నడిమధ్యాహ్నం తీస్తే ఒళ్లంతా సున్నం ముద్దలా వెలిగిపోయి, ఈకల అంచులు, ముక్కు మొదట్లోని రంగు మాయమైపోతాయి. పొద్దువాలే ఎండలో పసుపు కాళ్లు నారింజ రంగుకు, బూడిద రంగు వీపు గోధుమ రంగుకు తిరుగుతాయి. వీటికన్నా బురదతో ఎక్కువ ఇబ్బంది. తడి బురద అంటిన పసుపు కాళ్లు నల్లకాళ్లయిపోతాయి. అదే బురద ఎండితే నల్లకాళ్లు బూడిద రంగులో కనిపిస్తాయి. చిన్న ఉల్లంకుల్లో సగం గుర్తింపు కాళ్ల రంగు మీదే నడుస్తుంది కాబట్టి ఫొటోలో ముందు చూడాల్సింది కాళ్ల రంగును కాదు, ఆ కాళ్లు కడిగినట్టున్నాయా లేదా అన్నది.

మూడోది కోణం. ముక్కు కాస్త కెమెరా వైపు తిరిగితే చాలు, దాని పొడవు సగమైపోతుంది. ఈకలు ఉబ్బించి కునుకు తీస్తున్న పిట్టకు మెడ ఉండదు, కాళ్లు పొట్టివి. ఆకాశంలో డేగ తిరిగితే అదే పిట్ట ఈకలు అణిచి, మెడ సాచి, సన్నగా పొడుగ్గా మారిపోతుంది. ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే రెండు జాతులని ఒట్టేసి చెప్పేవాళ్లుంటారు.

ఈ మూడు మోసాలకూ లొంగకుండా నిలిచేవి నిష్పత్తులు. ముక్కు ఎన్ని సెంటీమీటర్లో ఫొటో చెప్పదు గాని, పిట్ట పూర్తిగా పక్కకు తిరిగి ఉంటే ముక్కు తలలో ఎంత వంతో చెబుతుంది. ముక్కు మొదలు నుంచి కంటి వెనక అంచు దాకా ఒక కొలత తీసుకుని, ఆ కొలతను ముక్కు మీద పరిచి చూస్తారు. కాళ్లలో వెనక్కి వంగే కీలును మోకాలనుకుంటాం గాని అది చీలమండ. దాని పైన ఎంత కాలు బయటికి కనిపిస్తుందన్నది మరో కొలత. ముడిచిన రెక్క కొన తోకను దాటిందా, దాని పైన కప్పే లోపలి రెక్క ఈకల కింద నుంచి కొసలు ఎన్ని బయటికి వచ్చాయి అన్నది ఇంకొకటి. వీటిని చూడాలంటే ఒక్క అందమైన ఫొటో కన్నా వరుసగా నొక్కిన ఇరవై మామూలు ఫొటోలు మేలు. పిట్ట ఒళ్లు విరుచుకుంటూ రెక్క విప్పిన క్షణం ఆ ఇరవైలో ఎక్కడో దొరుకుతుంది.

తెల్లకొంగలు

వరి మళ్లలో కనిపించే తెల్లకొంగల్లో నాలుగు జాతులున్నాయి. పెద్దది గ్రేట్ ఎగ్రెట్, నడిమిది ఇంటర్మీడియట్, చిన్నది లిటిల్, పశువుల వెంట తిరిగేది కేటిల్ ఎగ్రెట్. నాలుగోది పొట్టి మెడ, మొద్దు ముక్కు, గడ్డం కింద ఉబ్బినట్టున్న ఈకలతో తేలిగ్గా తెలిసిపోతుంది. గూడు కట్టే కాలంలో తల, మెడ నారింజ రంగు తిరుగుతాయి. ఆసియాలో ఉండే ఈ జాతి శాస్త్రీయ నామంలోని కోరమాండస్ అన్న మాట మన కోరమాండల్ తీరం పేరే. 1783లో బొడ్డార్ట్ దానికి ఆ పేరు పెట్టాడు.

చిన్న కొంగకు నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు పాదాలు. పాదాలు నీళ్లలోనో బురదలోనో ఉంటే ఆ పసుపు కనబడదు. ఎగురుతున్న ఫొటోలో మాత్రం పసుపు మేజోళ్లు తొడుక్కున్నట్టు తోక వెనక వేలాడుతూ స్పష్టంగా ఉంటుంది. చిక్కంతా పెద్దదానికీ నడిమిదానికీ మధ్య. చాలామంది ముక్కు రంగు చూస్తారు. అది దారి తప్పిస్తుంది. రెండింటికీ మామూలు రోజుల్లో పసుపు ముక్కే, గూడు కట్టే కాలంలో రెండింటికీ అది నల్లబడుతుంది. చూడాల్సింది నోటి చీలిక గీతను. ముక్కు మొదలు నుంచి చెంప మీదికి సాగే ఆ సన్నని గీత నడిమి కొంగలో కంటి కిందికి వచ్చి ఆగిపోతుంది. పెద్ద కొంగలో కన్ను దాటి వెనక్కి వెళుతుంది. ముఖం స్పష్టంగా పడిన ఫొటో ఒక్కటి ఉంటే మెడ వంపుల గురించి, ఎత్తు గురించి వాదనే అక్కర్లేదు. చూడడం తెలిశాక ఇంత నిక్కచ్చి గుర్తు కొంగల్లో మరొకటి కనిపించదు.

సముద్రం ఒడ్డున రీఫ్ హెరాన్ అనే మరో కొంగ ఉంది. దానిలో ముదురు బూడిద రంగువీ, తెల్లవీ రెండు రకాలు. బూడిద రంగుది తేలిక. తెల్లది చిన్న కొంగతో కలిసిపోతుంది. ముక్కు కాస్త లావుగా, నల్లగా కాక పసుపు కలిసిన గోధుమ రంగులో ఉండడం దాని గుర్తు. పడమటి తీరంలో ఇది మామూలే, మన వైపు తక్కువ. అంచేత తూర్పు తీరపు ఫొటోలో తెల్ల రీఫ్ హెరాన్ అన్న పేరు రాసేముందు ముక్కుకు బురద అంటిందేమో ఒకసారి చూసుకోవాలి.

చెరువు గట్టున కదలకుండా కూర్చునే గుడ్డికొంగ విషయంలో ఫొటో పూర్తిగా చేతులెత్తేస్తుంది. మనకు మామూలుగా కనిపించేది ఇండియన్ పాండ్ హెరాన్. చైనీస్ పాండ్ హెరాన్ మన దేశంలో ఎక్కువగా ఈశాన్యంలోనూ అండమాన్‌లోనూ కనబడుతుంది. పెళ్లివేషంలో ఉన్నప్పుడు మనదానికి గోధుమ పసుపు తల, ముదురు మెరూన్ వీపు. చైనీస్‌కు తల, మెడ ఎర్ర గోధుమ రంగు, వీపు నల్లని బూడిద. శీతాకాలంలో రెండూ చారల మెడ, మట్టి రంగు వీపుతో ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆ ఫొటోకు జాతి పేరు పెట్టడం గుర్తింపు కాదు, ఇక్కడ ఏది ఉండే అవకాశం ఎక్కువన్న లెక్క మాత్రమే.

నత్తగుల్ల కొంగను చూసినవాళ్లు దాని ముక్కు దవడల మధ్య సందును మరిచిపోరు. అయితే ఆ సందు పిల్లకు ఉండదు. ఉప్పలపాడు లాంటి గూళ్ల చోట తీసిన ఫొటోల్లో సందు లేని ముక్కుతో మాసిన రంగు కొంగపిల్ల కనిపిస్తే కొత్త జాతి అనుకోనక్కర్లేదు.

ఇసుక ప్లోవర్లు

గోధుమ వీపు, తెల్ల పొట్ట, గుండ్రటి తల, నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగడం. బురద మేటలమీద కనిపించే చిన్న ప్లోవర్లన్నీ శీతాకాలంలో ఈ వర్ణనకు సరిపోతాయి. వాటిలో ముందుగా విడదీయాల్సింది కెంటిష్ ప్లోవర్‌ను. మెడ వెనక తెల్లటి పట్టీ చుట్టూ తిరిగి ఉంటే కెంటిష్, లేకపోతే సాండ్ ప్లోవర్. వెనక నుంచి తీసిన ఫొటోను చాలామంది పారేస్తారు గాని ఈ ఒక్క గుర్తుకు అదే మంచి ఫొటో. కంటి చుట్టూ పసుపు వలయం ఉండి, ఎగిరేటప్పుడు రెక్క మీద తెల్ల చార లేకపోతే అది లిటిల్ రింగ్డ్. చెరువుల్లో, ఏటి ఇసుకలో ఎక్కువగా ఉండేది అదే.

ఆ తరువాత లెస్సర్, గ్రేటర్ సాండ్ ప్లోవర్ల చిక్కు. ఇక్కడ పైన చెప్పిన ముక్కు కొలత అక్కరకు వస్తుంది. ముక్కు మొదలు నుంచి కంటి వెనక అంచు దాకా ఉన్న దూరం కన్నా ముక్కు స్పష్టంగా పొడుగైతే గ్రేటర్, దాదాపు సమానమో తక్కువో అయితే లెస్సర్. గ్రేటర్ ముక్కు కొస దగ్గర బరువుగా సాగి ఉంటుంది, లెస్సర్‌ది మొద్దుగా ముగుస్తుంది. గ్రేటర్ కాళ్లు పొడుగ్గా, పసుపాకుపచ్చగా ఉంటాయి, ఎగిరేటప్పుడు వేళ్లు తోక దాటి కనిపిస్తాయి. లెస్సర్ కాళ్లు ముదురు బూడిద. రెండు గుర్తులు ఒకవైపు, మూడోది ఇంకోవైపు చూపిస్తే ముక్కునే నమ్మాలన్నది నా అభిప్రాయం. కాళ్ల రంగును బురద మార్చగలదు, ముక్కు నిష్పత్తిని మార్చలేదు. అయితే ఆ కొలతకు పిట్ట నిటారుగా పక్కకు తిరిగి ఉండి తీరాలి. ముప్పాతిక కోణంలో ఉన్న ముఖం మీద గీతలు గీసి తేల్చేసిన వాదనలకు విలువ లేదు.

కెంటిష్‌కు ఈ మధ్య ఒక చీలిక వచ్చింది. శ్రీలంకలోనూ దక్షిణ భారతంలోనూ గూడు కట్టే రకాన్ని 2023లో వెలువడిన పరిశోధన వేరే జాతిగా నిలబెట్టింది. శ్రీలంకకూ భారతానికీ మధ్య విస్తరించిన దాని ఉనికిని బట్టి హనుమాన్ ప్లోవర్ అని పేరు పెట్టారు. మగ కెంటిష్‌కు గూడు కట్టే కాలంలో ముక్కు నుంచి కంటికి నల్లగీత ఉంటుంది. హనుమాన్‌కు ఆ చోటు తెల్లగా ఉంటుంది. మే, జూన్ నెలల్లో, వలస వచ్చినవన్నీ వెళ్లిపోయాక దక్షిణాది ఉప్పుమళ్లలో తీసిన ఫొటోలకు దీంతో కొత్త విలువ వచ్చింది.

స్టింట్లు

పిచ్చుకంత పిట్టలు. ముక్కు కుట్టుమిషను సూదిలా ఆడిస్తూ బురద అంచున గుంపులుగా మేస్తాయి. ఒడ్డు పక్షుల ఫొటోలు చూసేవాళ్ల సహనానికి ఇవే అసలు పరీక్ష. 1984లో గ్రాంట్, జాన్సన్ ఇద్దరూ బ్రిటిష్ బర్డ్స్ పత్రికలో ఈ చిన్న పిట్టల మీద రాసిన దీర్ఘ వ్యాసం ఈ విద్యకు మలుపు. రంగును పక్కనపెట్టి, పిట్ట వయసేమిటో ముందు తేల్చి, ఆ తరువాత ఒక్కో ఈక వరుసను చదవడం ఆ వ్యాసం నేర్పింది. రెండేళ్ల తరువాత వచ్చిన హేమన్, మార్చంట్, ప్రేటర్‌ల షోర్‌బర్డ్స్ పుస్తకం ఆ పద్ధతిని ప్రపంచంలోని ఒడ్డు పిట్టలన్నిటికీ విస్తరించింది.

మన చోట మామూలుగా కనిపించేవి లిటిల్ స్టింట్, టెమ్మింక్స్ స్టింట్. లిటిల్ కాళ్లు నల్లనివి. టెమ్మింక్స్ కాళ్లు పసుపాకుపచ్చ, వీపు చారలు లేని మట్టి రంగు, రొమ్ము కూడా అదే రంగు. దూరం నుంచి కామన్ సాండ్‌పైపర్‌ను కుదించినట్టుంటుంది. ఎగిరేటప్పుడు దాని తోక రెండు అంచులూ తెల్లగా మెరుస్తాయి. అది ఉప్పునీటి మేటల కన్నా మంచినీటి చెరువుల గట్లను ఇష్టపడుతుంది. పసుపు కాళ్లుండీ వీపంతా చారలతో, మెడ నిక్కించి నిలబడితే అది లాంగ్ టోడ్ స్టింట్. ఆ పిట్టలో లోపలి రెక్క ఈకలు పొడుగ్గా ఉండి రెక్క కొసలను పూర్తిగా కప్పేస్తాయి. పాదం బురదపైన పడిన ఫొటో ఉంటే నడిమి వేలు కొట్టొచ్చినట్టు పొడుగ్గా కనిపిస్తుంది.

అసలు చిక్కు లిటిల్‌కూ రెడ్ నెక్డ్ స్టింట్‌కూ మధ్య. రెండింటికీ నల్లకాళ్లే. తూర్పు తీరంలో లిటిల్ ఎక్కువైనా రెడ్ నెక్డ్ కూడా వస్తుంది. పెళ్లివేషంలో తేలిక. రెడ్ నెక్డ్‌కు గొంతు, మెడ చుట్టూ మచ్చలేని ఎరుపు. లిటిల్‌కు ఎరుపు ఎంత ఉన్నా గొంతు తెల్లగానే ఉంటుంది, వీపు మీద తెల్లటి గీతలు 'వి' ఆకారంలో కలుస్తాయి. ఆ ఏడు పుట్టిన పిల్లల్లోనూ ఆశ ఉంది. లిటిల్ పిల్ల లోపలి రెక్క ఈకలు నల్లటి నడుమతో, ఇటుక రంగు అంచుతో ఉంటాయి. రెడ్ నెక్డ్ పిల్లకు అవే ఈకలు బూడిదగా, వెలిసిన అంచులతో ఉంటాయి. ఇక నవంబరు నుంచి మార్చి దాకా పెద్ద పిట్టలు బూడిద రంగు కప్పుకుని ఒకేలా తయారవుతాయి. లిటిల్ కాస్త పొడుగు కాళ్లది, సన్న ముక్కుది. రెడ్ నెక్డ్ పొట్టి కాళ్లతో, వెనక భాగం సాగినట్టు, మొద్దు ముక్కుతో ఉంటుంది. ఈ 'కాస్త' అన్న మాట మీద ఒక్క ఫొటోను నిలబెట్టడం కష్టం. ఈకలు ఉబ్బించుకున్న లిటిల్‌కు కూడా పొట్టికాళ్లే ఉంటాయి కదా.

స్టింట్ల గుంపు ఫొటోను పెద్దది చేసి చూడడానికి మరో కారణం ఉంది. ప్రపంచంలో అతి అరుదైన ఒడ్డు పిట్టల్లో ఒకటైన స్పూన్ బిల్డ్ సాండ్‌పైపర్ వాటి మధ్యే తిరుగుతుంది. పేరుకు ముక్కు చెంచాలా ఉన్నా, పక్క నుంచి చూస్తే ఆ వెడల్పు కనబడదు. మామూలు నల్ల ముక్కే అనిపిస్తుంది. ముందు నుంచి గాని, పై నుంచి గాని తీసిన ఫొటోలో మాత్రమే చెంచా బయటపడుతుంది. పక్క నుంచి తీసిన ఫొటోయే గొప్పదన్న నియమం ఇక్కడ తిరగబడింది. బ్రాడ్ బిల్డ్ సాండ్‌పైపర్ కూడా ఇదే గుంపుల్లో ఉంటుంది. కంటిపై చార రెండుగా చీలి, ముక్కు కొస కిందికి విరిగినట్టుంటే అదే.

కాళ్ల పొడవు ఉల్లంకులు

వుడ్, గ్రీన్ సాండ్‌పైపర్లు వరి మళ్లలోనూ కుంటల్లోనూ కనిపిస్తాయి. వుడ్ కంటిపై తెల్లచార కన్ను దాటి వెనక్కి సాగుతుంది, వీపు మీద తెల్ల చుక్కలు ఎక్కువ, కాళ్లు పసుపు. గ్రీన్‌లో ఆ చార కంటి ముందే ఆగిపోతుంది, వీపు ముదురు. రెక్క ఎత్తినప్పుడు తీసిన ఫొటో ఉంటే ఇక చర్చే లేదు. రెక్క అడుగు వుడ్‌లో లేత రంగు, గ్రీన్‌లో దాదాపు నలుపు. కామన్ సాండ్‌పైపర్‌కు భుజం ముందు తెల్లటి చీలిక పైకి పొడుచుకొచ్చినట్టుంటుంది. ఏ కోణంలోనైనా అది కనిపించకపోవడం అరుదు.

రెడ్‌షాంక్, స్పాటెడ్ రెడ్‌షాంక్ రెండింటివీ ఎర్రకాళ్లే. రెక్క విప్పితే రెడ్‌షాంక్ రెక్క వెనక అంచంతా వెడల్పాటి తెలుపు, స్పాటెడ్‌కు ఆ తెలుపు లేదు. నిలబడినప్పుడు స్పాటెడ్ ముక్కు సన్నగా పొడుగ్గా ఉండి ఎరుపు కింది దవడ మొదట్లోనే ఉంటుంది, కంటి ముందు తెల్లచార ప్రస్ఫుటం. మార్ష్ సాండ్‌పైపర్ ముక్కు దబ్బనం, గ్రీన్‌షాంక్ ముక్కు లావుగా మొదలై కొంచెం పైకి లేస్తుంది. వీటిని పక్కపక్కన ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరబడరు. రఫ్ మాత్రం చాలామందిని తిప్పలు పెడుతుంది. మగది ఆడదానికన్నా బాగా పెద్దది కాబట్టి ఒకే ఫొటోలో జంటగా ఉంటే రెండు జాతులనిపిస్తుంది. చిన్న తల, పొట్టి ముక్కు, పొలుసులు పేర్చినట్టున్న వీపు దాని గుర్తులు.

పులికాట్‌లో శీతాకాలంలో గాడ్విట్ల గుంపులు కనిపిస్తాయి. బ్లాక్ టెయిల్డ్ వీపు సాదా బూడిద, ముక్కు తిన్నగా ఉంటుంది. ఎగిరితే రెక్క మీద తెల్ల పట్టీ, తోకకు నల్ల పట్టీ. బార్ టెయిల్డ్ వీపు చారలమయం, ముక్కు కొస పైకి వంగుతుంది, రెక్కకు పట్టీ లేదు. గాడ్విట్ల మధ్య మేస్తూ ముక్కు పూర్తిగా నల్లగా, మొదట్లో లావుగా, కొస ఉబ్బినట్టుగా ఉన్న కాస్త చిన్న పిట్ట కనబడితే అది ఏషియన్ డౌవిచర్ కావచ్చు. ఆ ఫొటోను మరొకరికి చూపించాల్సిందే. కర్లూ, వింబ్రెల్‌ల తేడా తల మీదే ఉంది. వింబ్రెల్ నెత్తిన ముదురు చారల మధ్య పాపిట తీసినట్టు లేత గీత ఉంటుంది. ముక్కు పొడవును నమ్మవద్దు, కర్లూ పిల్లల ముక్కు పొట్టిగానే ఉంటుంది.

తోక ఈకలు లెక్కపెట్టడం

స్నైప్‌లది ప్రత్యేక కథ. ఎండుగడ్డి రంగు, పొడవాటి ముక్కు, గట్టున కదలక అణిగి ఉండడం. కామన్, పిన్‌టెయిల్ అనే రెండు జాతులూ మన పొలాల్లోకి వస్తాయి. ఎగిరే ఫొటోలో కామన్ రెక్క వెనక అంచున తెల్లగీత స్పష్టంగా ఉంటుంది, రెక్క అడుగున తెల్ల పట్టీలుంటాయి. పిన్‌టెయిల్‌కు ఆ గీత లేదు, రెక్క అడుగంతా ముదురు గళ్లు. నిలబడి ఉన్నప్పుడు ముక్కు మొదట్లో చూడాలి. కామన్‌లో కంటికి పోయే నల్లచార దాని పైనున్న లేత చారకన్నా వెడల్పు, పిన్‌టెయిల్‌లో లేత చారే వెడల్పు.

స్విన్‌హోస్ అనే మూడో జాతి అరుదుగా వస్తుంది. దానికీ పిన్‌టెయిల్‌కూ మధ్య ఇవేవీ పనిచేయవు. అక్కడ తోక ఈకలను లెక్కపెట్టాలి. కామన్‌కు మామూలుగా 14. పిన్‌టెయిల్‌కు 26 దాకా, అందులో అంచుల్లోవి గుండుసూదుల్లా సన్నవి, పేరు వచ్చింది అందుకే. స్విన్‌హోస్‌కు వాటికన్నా తక్కువ, సన్నబడినా సూదులంత సన్నం కావు. ఈ సూదులు కనిపించాలంటే పిట్ట స్నానం చేసి తోకను విసనకర్రలా విప్పి ఈకలు సర్దుకోవాలి. అది అరనిమిషం పని. గట్టున గంటలకొద్దీ బోర్లా పడుకుని ఆ అరనిమిషం కోసం కాచుకునేవాళ్లున్నారు. చేతిలో పక్షి లేకుండా, తుపాకి పేల్చకుండా తోక ఈకలు లెక్కించగలగడం డిజిటల్ కెమెరా తెచ్చిన మేలు.

తేదీ, చోటు, వయసు

ఫొటోకు తేదీ లేకపోతే దాని విలువ సగం. సైబీరియా, మధ్య ఆసియాల్లో గూడు కట్టిన పెద్ద పిట్టలు జులై చివరినుంచే మన తీరానికి చేరుతాయి. అప్పటికి పెళ్లివేషం చిరిగి పాతబడి ఉంటుంది. ఆ ఏడు పుట్టిన పిల్లలు వాటికి వెనకగా ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో వస్తాయి. వాటి ఈకలన్నీ ఒకే వయసువి, అంచులు కొత్త గుడ్డకు కుట్టిన జరీలా పదునుగా ఉంటాయి. పెద్ద పిట్టల ఒంటిమీద పాతవీ కొత్తవీ కలగలిసి ఉంటాయి. కాబట్టి సెప్టెంబరు ఫొటోలో మొదటి ప్రశ్న ఏ జాతి అన్నది కాదు, పిల్లా పెద్దదా అన్నది. మార్చి, ఏప్రిల్‌లలో బూడిద ఈకల మధ్య రంగు ఈకలు మొలుస్తాయి. శీతాకాలమంతా పేరు పెట్టలేక వదిలేసిన పిట్టలు అప్పుడు వాటంతట అవే పేరు చెబుతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు మీద జనవరిలో రద్దీగా ఉండే కెమెరాలు ఏప్రిల్ ఎండకు మాయమవుతాయి. గుర్తింపుకు మాత్రం ఏప్రిలే మంచి నెల.

చోటు కూడా సాక్ష్యమే, కాని దాన్ని ఎంత నమ్మాలన్నది వేరే సంగతి. వంకర ముక్కు చిన్న పిట్ట ఆంధ్ర తీరంలో కనిపిస్తే అది కర్లూ సాండ్‌పైపర్ అయ్యే అవకాశమే ఎక్కువ, డన్లిన్ మనవైపు అరుదు. అయినా నడుము తెల్లగా ఉందా, మధ్యలో నల్లచార ఉందా చూడకుండా రాస్తే డన్లిన్ ఎప్పటికీ అరుదుగానే మిగిలిపోతుంది.

కాలికి వేసిన ఉంగరాలు, రంగు జెండాలు ఫొటోలో చదవగలిగితే జాతితో పాటు పిట్ట పుట్టుపూర్వోత్తరాలు కూడా దొరుకుతాయి. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వేసే ఉంగరాల మీద ఆ సంస్థ పేరే చెక్కి ఉంటుంది.

ఒక జాతి ఉనికిని వెతకడంలో ఫొటో తోడుపడిన సందర్భం తెలుగు నేలదే. తీతువుల, ఉల్లంకుల బంధువే అయినా నీళ్లవైపు పోని కలివికోడిని 1848లో శాస్త్రానికి పరిచయం చేశారు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పేరుతో అది జెర్డాన్స్ కోర్సర్ అయింది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. తరువాతి పరిశోధనల్లో పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు వెతికారు, వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. మెట్ట పొలాల్లో పగలు తిరిగే ఇండియన్ కోర్సర్‌తో దాన్ని పొరబడే పని లేదు. కలివికోడి రొమ్మున రెండు గోధుమ పట్టీలు, వాటి మధ్య తెలుపు. ఫ్లాష్ వెలుగులో తీసిన మసక ఫొటోలో కూడా ఆ పట్టీలు చాలు.

నిపుణులూ పొరబడినవి

1982లో ఆస్ట్రేలియాలో కాక్స్ సాండ్‌పైపర్ అనే కొత్త జాతిని ప్రకటించారు. నమూనాలున్నాయి, ఫొటోలున్నాయి, చూసినవాళ్లున్నారు. 1996లో డీఎన్‌ఏ పరీక్షలు అది జాతే కాదని, కర్లూ సాండ్‌పైపర్‌కూ పెక్టోరల్ సాండ్‌పైపర్‌కూ పుట్టిన సంకరమని తేల్చాయి. రెండు జాతుల గుర్తులు సగం సగం కలిసిన ఫొటో ఎదురైనప్పుడు సంకరం అన్న మాట చివరగానైనా తలపుకు రావాలి.

ఇప్పుడు ఫోనులోని మెర్లిన్ వంటి యాప్‌లు ఫొటో చూసి పేరు సూచిస్తాయి. చోటు, తేదీ కూడా లెక్కలోకి తీసుకుంటాయి. కెమెరాలో తేదీ తప్పుగా ఉంటే సలహా కూడా తప్పుతుంది. కొంగల మీద, తీతువుల మీద వాటిని నమ్మవచ్చు. శీతాకాలపు స్టింట్ మీద అవి చెప్పే పేరును ఊహ కిందే జమకట్టాలి. 2002లో మొదలైన ఈబర్డ్ అనే పక్షుల నమోదు వేదికలో దీనికి మంచి ఏర్పాటుంది. తేల్చలేని పక్షిని రెండు పేర్ల మధ్య అడ్డుగీత పెట్టి, లేదా స్టింట్ అని మాత్రమే నమోదు చేయవచ్చు. ఆ అడ్డుగీత వాడడానికి మనవాళ్లకు ఇప్పటికీ కాస్త నామోషీ.

లెస్సర్ సాండ్ ప్లోవర్ ఆ నామోషీని కొంత వదిలించింది. 2023 ప్రాంతంలో పక్షుల జాబితాలు దాన్ని సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడగొట్టాయి. మన తీరానికి వచ్చేవి ప్రధానంగా టిబెటన్‌వి. పెళ్లివేషంలో మగ సైబీరియన్ నుదుటిపై తెల్ల మచ్చ ఉంటుంది, తెల్ల గొంతుకూ ఎర్ర రొమ్ముకూ మధ్య సన్నని నల్లగీత ఉంటుంది. టిబెటన్‌కు నుదురంతా నలుపే, ఆ గీత ఉండదు. ఏళ్ల తరబడి హార్డ్‌డిస్కుల్లో పడి ఉన్న ఫొటోలను అందరూ మళ్లీ తెరిచారు. ఏప్రిల్‌లో తీసినవాటికి కొత్త పేర్లు వచ్చాయి. జనవరిలో తీసిన బూడిదరంగు పిట్టలు, ఎంత స్పష్టంగా ఉన్నా, రెండు పేర్ల మధ్య అడ్డుగీతతోనే మిగిలాయి.